గంటల తరబడి ఏడ్చే పసిబిడ్డ: సాయం ఎక్కడ దొరుకుతుంది, ఎవరిని ఏమని అడగాలి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. పాపకు ఐదు వారాలు. సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టి రాత్రి పదింటి దాకా గుక్కపట్టి ఏడుస్తోంది. పిల్లల డాక్టరు చూసి కోలిక్ (జబ్బేమీ లేకుండానే పసిబిడ్డ ఆపకుండా ఏడవడం) అన్నారు, మూడో నెల దాటితే తగ్గుతుందన్నారు. మీ భార్య కోనసీమలో పుట్టింట్లో ఉన్నారు, మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు ఎత్తుకోలేరు. మీ భార్య ఫోన్‌లో ఏడుస్తున్నారు. ఇలాంటి వాళ్లకు సాయం చేసే సర్వీసు ఏదైనా ఉందా అని అడిగారు.

ఏడ్చే బిడ్డల కోసమే అంటూ మన దగ్గర పథకం లేదు, ఆసుపత్రుల్లో ప్రత్యేక విభాగం కూడా కనబడదు. సాయం మాత్రం ఉంది. కాకపోతే ముక్కలు ముక్కలుగా ఉంది. బరువు చూసేది ఒకరు, పాలిచ్చే పద్ధతి సరిచేసేది ఇంకొకరు, తల్లి మనసు సంగతి వినేది మరొకరు, బిడ్డను కాసేపు ఎత్తుకునే చేతులు ఇరుగుపొరుగువి. వీటిని కలిపే బాధ్యత ఎవరిదీ కాదు కాబట్టి అది ఇంట్లో ఒకరు నెత్తిన వేసుకోవాలి. నిద్ర లేని బాలింత మీద అది వేయకండి. హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్ మీద చేయగలిగిన పని కాబట్టి మీరే తీసుకోండి.

ముందు కాలం లెక్క చూడండి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. బిడ్డల ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ పోయి ఆరో వారం దగ్గర బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. 1962లో అమెరికా పిల్లల వైద్యుడు బ్రేజల్టన్ 80 మంది బిడ్డల ఏడుపును తల్లులచేత రాయించి చూస్తే, ఆరో వారంలో రోజుకు సుమారు రెండుమ్ముప్పావు గంటలు తేలింది. అది మామూలు బిడ్డల లెక్క. రోజుకు 3 గంటలు, వారంలో 3 రోజులు, 3 వారాలు దాటితేనే కోలిక్ అనే 1954 నాటి కొలతను ఇప్పటికీ కొందరు పట్టుకుని ఉంటారు. 2016లో వచ్చిన రోమ్ 4 ప్రమాణాలు (కడుపు, పేగుల ఇబ్బందులను గుర్తించడానికి వైద్యులు వాడే అంతర్జాతీయ కొలతలు) వైద్యం కోసమైతే ఆ గంటల లెక్క అక్కర్లేదన్నాయి: అయిదు నెలల లోపు బిడ్డ, కారణం కనబడని ఏడుపు మళ్లీ మళ్లీ రావడం, పెద్దవాళ్లు ఏం చేసినా ఆగకపోవడం, జ్వరం గానీ ఎదుగుదల లోపం గానీ లేకపోవడం. కాబట్టి "రెండున్నర గంటలేగా" అని ఎవరైనా తీసిపారేస్తే పట్టించుకోకండి.

ఇప్పుడు ఈ లెక్కను ప్రభుత్వ ఇంటి సందర్శనల పక్కన పెట్టి చూడండి. ఆసుపత్రి కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. 2018లో మొదలైన రెండో కార్యక్రమం ప్రకారం ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలల్లో వస్తుంది. 42వ రోజంటే సరిగ్గా ఆరు వారాలు, ఏడుపు పతాక స్థాయి. అక్కడితో మొదటి వరస ఆగిపోతుంది. మళ్లీ మూడో నెల దాకా షెడ్యూల్లో ఏమీ లేదు. మన ఇళ్లలో కూడా అంతే: పురుడు, బారసాల అయ్యే 21వ రోజు దాకా ఇంటి నిండా జనం, ఆ తర్వాత ఎవరిళ్లకు వాళ్లు. అంటే సాయం అందరి వైపు నుంచీ ఒక్కసారే తగ్గే సమయంలో ఏడుపు పెరుగుతుంది. మీరు పూడ్చాల్సింది ఏడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఉన్న ఈ ఖాళీని. దానికి చేతిలో ఉన్న ఆధారాలు టీకాల తేదీలు: 6, 10, 14 వారాలు. టీకా వేయించుకుని వచ్చేయకుండా ఆ మూడు రోజులను సంప్రదింపు రోజులుగా వాడుకోవాలి. రెండు రాష్ట్రాల్లోనూ టీకాలు సాధారణంగా బుధ, శనివారాల్లో వేస్తారు. రద్దీ తగ్గాక, మధ్యాహ్నం పూట వెళ్తే ఏఎన్ఎం (సబ్ సెంటర్ నర్సు) పది నిమిషాలు కూర్చుని మాట్లాడగలదు.

అన్నిటికంటే ముందు ఒక విషయం. డాక్టరు ఒకసారి కోలిక్ అన్నారు కదా అని ప్రతి ఏడుపునూ ఆ ఖాతాలో వేయకూడదు. చంకలో 37.5 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే ఎక్కువ జ్వరం, లేదా 35.5 కంటే తక్కువ, పాలు తాగకపోవడం, నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ శ్వాసలు (పూర్తి నిమిషం లెక్కపెట్టాలి, ఎక్కువ వస్తే ఇంకోసారి లెక్కపెట్టాలి), డొక్కలు ఎగరేయడం, పసరు వాంతి, మలంలో రక్తం, మాడు ఉబ్బడం, ఫిట్స్, తట్టితే తప్ప కదలకపోవడం. వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయాలి, రాత్రయినా సరే. ఏడాది లోపు బిడ్డకు జబ్బు చేస్తే ప్రభుత్వాసుపత్రిలో చికిత్స, మందులు, వాహనం జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఉచితం. రోజూ ఏడ్చే తీరు వేరు, ఈ రోజు గొంతు వేరు అని తల్లికి అనిపిస్తే అది కూడా చూపించడానికి చాలిన కారణమే.

ఇంట్లోనే చూడాల్సినవి కొన్ని డాక్టరు దగ్గర కూడా తప్పిపోతాయి, ఎందుకంటే బిడ్డను బట్టలతోనే చూపిస్తాం. లైటు కింద పూర్తిగా బట్టలు విప్పి చూడండి. కాలి వేళ్లకు, మగబిడ్డయితే అంగానికి తల వెంట్రుక చుట్టుకుని ఉందా? కాన్పు తర్వాత తల్లికి జుట్టు రాలే రోజుల్లో ఇది జరుగుతుంటుంది. వేలు ఎర్రగా ఉబ్బి, పైన గాటులా కనబడుతుంది. మొలతాడు, చేతికి కాలికి కట్టిన దిష్టి తాడు బిగుసుకుందా? పుట్టినప్పుడు కట్టింది ఐదో వారానికి బిగువవుతుంది. కింద మీ వేలు దూరకపోతే కత్తిరించేయండి, పెద్దవాళ్లు కొత్తది వదులుగా కట్టుకుంటారు. గజ్జల్లో గట్టి గడ్డలా ఉబ్బి లోపలికి పోకపోతే అది హెర్నియా, వెంటనే ఆసుపత్రి. ఎండాకాలంలో టోపీ, మేజోళ్లు, రెండు పొరల దుప్పటి వేసి ఉక్కకు ఏడిపించడం మరీ మామూలు: వీపు, మెడ వెనక తడిగా ఉంటే ఒక పొర తీసేయండి.

ఇక ఆశా కార్యకర్త సంగతి. పల్లెల్లో మొదట వచ్చే చిక్కు నమోదు. గర్భం మెట్టినింటి వైపు (మీ విషయంలో హైదరాబాద్‌లో) నమోదై ఉంటుంది, బిడ్డ ఉండేది పుట్టింట్లో. ఇక్కడి ఆశా జాబితాలో పాప పేరు లేదు, అక్కడి ఆశాకు పాప కనబడదు. ఎవరూ రాకపోవడానికి తరచూ ఇదే కారణం, నిర్లక్ష్యం కాదు. చేయాల్సింది: తల్లీబిడ్డల రక్షణ కార్డు మీద ఉన్న ఆర్‌సీహెచ్ నంబరును (ప్రభుత్వ రికార్డుల్లో తల్లీబిడ్డల నమోదు సంఖ్య) ఫొటో తీసి మీ దగ్గర ఉంచుకోండి, కార్డు మీ భార్యతో ఉండాలి. మీ భార్య పుట్టింటి ఊళ్లో సబ్ సెంటర్ ఏఎన్ఎంకు ఆ నంబరు చూపించి, బిడ్డ ఇక్కడ ఉంటుందని, ఫలానా నెలదాకా ఉంటుందని చెప్పించండి. ఆమె దాంతో టీకాలు, సందర్శనలు ఇక్కడ రాసుకోగలదు. అంగన్‌వాడీలో కూడా విడిగా చెప్పాలి, వాళ్ల జాబితా వేరు. ఈ రెండూ ఒకే రోజు పూర్తవుతాయి.

ఆశా వచ్చినప్పుడు ఆమెను అడగాల్సింది "ఎందుకు ఏడుస్తోంది" అని కాదు. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉండదు, "అందరు పిల్లలూ అంతే" అని వెళ్లిపోతుంది. మూడు పనులు అడగండి. ఒకటి, బట్టలు, తడి గుడ్డ తీసేసి తూకం వేసి కార్డులోని గ్రాఫ్ మీద చుక్క పెట్టడం. ఈ వయసులో రోజుకు 20 నుంచి 30 గ్రాములు, వారానికి 150 నుంచి 200 గ్రాములు పెరగాలి. రెండు తూకాలూ ఒకే కాటా మీద వేయించాలి. ఆసుపత్రిలో ఒకటి, అంగన్‌వాడీలో ఒకటి వేస్తే కాటాల తేడానే 100 గ్రాములు ఉండొచ్చు, దాంతో లేనిపోని కంగారు. రెండు, జ్వరం చూడటం, శ్వాస లెక్కపెట్టడం. ఆమె కిట్‌లో థర్మామీటరు, వాచీ ఉంటాయి. మూడు, తల్లితో ఒంటరిగా ఐదు నిమిషాలు మాట్లాడటం. అత్తగారో అమ్మో పక్కనుంటే మీ భార్య "బానే ఉన్నా" అనే చెబుతారు. ఒక మాట: ఆరు సందర్శనలూ పూర్తి చేస్తే ఆశాకు వచ్చేది మొత్తం 250 రూపాయలు. షెడ్యూల్లో లేని రోజు రమ్మంటే అది ఆమె మంచితనం మీద ఆధారపడిన పని. అడగండి, కానీ అధికారం చేయకండి. కుదరకపోతే మీవాళ్లే బిడ్డను తీసుకుని ఆమె ఇంటికి వెళ్లి తూకం వేయించుకోవచ్చు.

బరువు ఎందుకు ఇంత ముఖ్యమంటే, ఏడుపు మొదలైన ఇళ్లలో వరసగా జరిగేది ఇదీ. బిడ్డ సాయంత్రం ఏడుస్తుంది. "పాలు చాలట్లేదు" అని ఎవరో ఒకరు అంటారు. డబ్బా పాలు మొదలవుతాయి. బిడ్డ రొమ్ము తక్కువ చీకుతుంది, దాంతో నిజంగానే పాలు తగ్గుతాయి. ఏడుపు మాత్రం ఆరో వారం దాకా పెరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే అది ఆకలి ఏడుపు కానే కాదు. కార్డు మీద బరువు చుక్క పైకి పోతూ, రోజుకు ఆరుసార్లో ఇంకా ఎక్కువో ఉచ్చ పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. ఆ కార్డు చూపించి పెద్దవాళ్ల నోరు మూయించవచ్చు, మర్యాదగానే. చుక్క పైకి పోకపోతే అప్పుడు అది పాల సమస్యే, డాక్టరు దగ్గరికి ఆ వారమే వెళ్లాలి.

పాలిచ్చే విషయంలో సాయం అడిగేటప్పుడు ఒకటే షరతు పెట్టండి: చెప్పడం కాదు, ఒక ఫీడ్ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడాలి. తల్లిపాలను ప్రోత్సహించడానికి 2016లో మొదలైన 'మా' కార్యక్రమం కింద ఏఎన్ఎంలకు, కాన్పు వార్డు నర్సులకు దీంట్లో శిక్షణ ఇచ్చారు. జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశు విభాగం నర్సులు ఈ పని రోజూ చేస్తారు, కాబట్టి వాళ్ల చెయ్యి తిరిగి ఉంటుంది. వాళ్లు చూడాల్సినవి: బిడ్డ నోరు బాగా తెరిచి నల్ల వలయంలో ఎక్కువ భాగం పట్టిందా, గడ్డం రొమ్ముకు ఆనిందా, కింది పెదవి బయటకు తిరిగి ఉందా, మొదటి కొన్ని క్షణాల తర్వాత కూడా తల్లికి నొప్పి ఉందా. పాలు మరీ ఎక్కువగా ఉన్న తల్లుల బిడ్డలు కూడా ఏడుస్తారు. పాలధారకు పొలమారుతుంది, ఆకుపచ్చగా నురగగా వెళ్తారు, బరువు మాత్రం బాగా పెరుగుతారు. అప్పుడు ఒక వైపు పూర్తిగా తాగాకే రెండో వైపు ఇవ్వడం, తల్లి వెనక్కి వాలి ఇవ్వడం పనిచేస్తాయి.

తల్లి తిండి మీద ఆంక్షలు మరీ పెంచకండి. పథ్యం పేరుతో ఇప్పటికే సగం తిండి తింటుంటారు. ఆవుపాల ప్రోటీన్ పడకపోవడం అనేది నిజంగా ఉంది. దానికి గుర్తులు కూడా ఉంటాయి: మలంలో జిగట, రక్తపు చారలు, ఒంటి మీద గజ్జి లాంటి దద్దుర్లు, వాంతులు, బరువు పెరగకపోవడం. అవి ఉంటే డాక్టరు చెప్పాక తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, పాల మిఠాయిలు అన్నీ మానేసి చూడాలి. తగ్గితే మళ్లీ మొదలుపెట్టి చూడాలి. ఏడుపు దానంతట అదే తగ్గే వయసు కదా, మళ్లీ పెట్టి చూడకపోతే ఏది పనిచేసిందో తేలదు.

మందుల దగ్గర కాస్త గట్టిగా చెప్పాలి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరో, మందుల షాపులోనో "కడుపునొప్పి చుక్కలు" అడిగితే డైసైక్లోమిన్ ఉన్నవి ఇచ్చే అవకాశం ఉంది. ఆరు నెలల లోపు బిడ్డకు అది నిషిద్ధం, ఊపిరి ఆగిపోయిన సందర్భాలున్నాయి. నిద్ర కోసం ఇచ్చే ప్రోమెథజిన్ సిరప్ రెండేళ్ల లోపు పిల్లలకు వాడకూడదు, కారణం అదే. సీసా మీద పేరు చదవండి, ఫొటో తెప్పించుకుని మీరైనా చదవండి. గ్యాస్‌కు ఇచ్చే సిమెథికోన్ చుక్కలు హాని చేయవు, కానీ ఉత్త నీళ్ల కంటే బాగా పనిచేస్తాయని తేలలేదు. గ్రైప్ వాటర్ సంగతీ అంతే. తల్లిపాల మీద ఉన్న బిడ్డల్లో లాక్టోబాసిల్లస్ రూటెరి అనే ఒక రకం ప్రోబయోటిక్‌కు (మేలు చేసే బ్యాక్టీరియా) కొంత ఆధారం ఉంది, డాక్టరును అడిగి వాడవచ్చు. వస అరగదీసి నాకించడం, ఆముదం పోయడం, తేనె, పసరు మందు ఏవీ వద్దు. నల్లమందు, గసగసాల కషాయం ప్రాణానికే ముప్పు. సాంబ్రాణి పొగ తగ్గించండి, దాంతో ముక్కు దిబ్బడేసి ఇంకా ఏడుస్తారు. పొట్ట మీద వాతలు పెట్టించడం ఇంకా కొన్నిచోట్ల ఉంది; ఎవరైనా ఆ మాటెత్తితే అక్కడే ఆపేయాలి. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి. బిడ్డ నోట్లోకీ ముక్కులోకీ ఏమీ పోనంతవరకు పెద్దావిడ మనసు కుదుటపడటం కూడా ఇంటికి మంచిదే.

వచ్చే వారం ఆరు వారాల టీకా ఉంది. పెంటావాలెంట్ తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, మూడు గంటలు దాటిన ఏడుపు కూడా రావచ్చు. ఆ రోజుకు ఇంట్లో ఇంకో మనిషి ఉండేలా ముందే చూసుకోండి. పారాసిటమాల్‌తో జరిగే పొరపాటు సీసాలది: చుక్కల మందులో సాధారణంగా ఒక ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములు, సిరప్‌లో 5 ఎంఎల్‌కు 125, అంటే ఎంఎల్‌కు 25. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగింతల డోసు. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఏ సీసాలో ఎన్ని ఎంఎల్ అన్నది ఏఎన్ఎం చేతనే కార్డు మీద రాయించుకోండి. టీకా వల్ల కాకుండా వేరే రోజుల్లో మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో మందు పోసి చూడటం కాదు, డాక్టరుకు చూపించాలి.

మీ భార్య సంగతి. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే కన్నీళ్లు రావడం చాలామందికి ఉంటుంది, పోతుంది. ఐదో వారంలో రోజూ ఏడుస్తున్నారంటే దాన్ని ఆ లెక్కలో వేయలేం. బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, "నేను పనికిరాని తల్లిని" అన్న మాట మళ్లీ మళ్లీ రావడం, బిడ్డ మీద ఏ భావమూ కలగకపోవడం: ఇవి రెండు వారాలకు పైగా ఉంటే వైద్యం కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 (లేదా 1800-891-4416). 2022 అక్టోబరు 10న మొదలైంది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి పంపుతారు. "మనసు బాలేదు" అని మొదలుపెడితే సంభాషణ చాలాసేపు తిరుగుతుంది. ఇలా చెప్పమనండి: "నేను ఐదు వారాల బాలింతను. బిడ్డ సాయంత్రం నుంచి రాత్రి దాకా ఊరుకోదు. వరసగా రెండు గంటలకు మించి నిద్ర లేదు. రోజూ ఏడుపు వస్తోంది. బిడ్డకు పాలిస్తున్నాను." పాలిస్తున్న మాట తప్పక చెప్పాలి, మందులు ఎంచుకోవడం దాన్ని బట్టే. పాలిస్తూ వాడదగ్గ మందులు ఉన్నాయి, "పాలు మాన్పిస్తేనే మందు" అన్న భయం అక్కర్లేదు. ముందు మీరే ఫోన్ చేసి ఏం చేయాలో అడిగినా మాట్లాడతారు.

చాలామంది తల్లులకు "బిడ్డను కింద పడేస్తానేమో" అన్న దృశ్యం కళ్లముందు మెదిలి వణుకు పుడుతుంది. ఆ ఆలోచనకు తల్లి భయపడుతోందంటే అది చేయాలన్న కోరిక కాదు; అయినా చెప్పుకోవాలి, వైద్యంతో తగ్గుతుంది. దానికి భిన్నంగా, ఉన్నట్టుండి నిద్ర అవసరం లేనట్టు తిరగడం, లేని మాటలు వినిపించడం, బిడ్డ గురించి వింత నమ్మకాలు, చచ్చిపోతానన్న మాట: ఇవి అత్యవసరం. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో ప్రతి ఒక్కరికీ, తాతగారితో సహా, ఒక నియమం చెప్పి ఉంచండి. కోపం తలకెక్కుతోందనిపిస్తే బిడ్డను నేల మీద చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, చుట్టూ దిండ్లు లేకుండా చూసి, తలుపు దగ్గరగా వేసి, పది నిమిషాలు బయటకు వెళ్లాలి. ఆ పది నిమిషాల ఏడుపుతో బిడ్డకేమీ కాదు. పట్టుకుని ఊపేస్తే మాత్రం మెదడులో రక్తనాళాలు తెగుతాయి, చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. మెడ నిలవని బిడ్డను ముద్దుకైనా ఎగరేయకూడదు.

చేతుల సాయం గురించి ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే పై సేవలన్నీ కలిపినా మీ భార్యకు ఒక గంట నిద్ర ఇవ్వలేవు. అత్తగారిది డ్వాక్రా సంఘం ఉన్న ఊరే అయి ఉంటుంది. ఆమె గుంపులో చేతులు ఖాళీగా ఉండే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, పక్కింటి పిన్ని, ఆశా చెప్పిన ఇంకొకరు: నలుగురు చాలు. "ఎప్పుడైనా రండి" అంటే ఎవరూ రారు, లేదా బిడ్డను చూడటానికి నలుగురూ కలిసి వచ్చి కూర్చుంటారు, మీ భార్య వాళ్లకు కాఫీ పెడుతుంది. కాబట్టి రోజు, గంట చెప్పి అడగండి: సోమ, గురు ఒకరు, మంగళ, శుక్ర ఒకరు, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర. వచ్చినావిడ పని బిడ్డను ఎత్తుకోవడం ఒక్కటే. ఆ రెండు గంటలు తల్లి వేరే గదిలో, వీలైతే పక్కింట్లో పడుకోవాలి. ఏడుపు వినిపిస్తుంటే నిద్ర పట్టదు. దగ్గు, జలుబు, జ్వరం ఉన్నవాళ్లు ఆ రోజు రాకూడదు. సబ్బుతో చేతులు కడగాలి, ముద్దులు వద్దు, నోట్లో ఏమీ పెట్టకూడదు, మందు అసలే వద్దు.

ఎత్తుకునేవాళ్లందరికీ ఒకే పద్ధతి నేర్పండి. బిడ్డను నిటారుగా ఛాతీకి ఆనించి, తల కింద చెయ్యి పెట్టి, లైటు తగ్గించి, టీవీ ఆపి, చెవి దగ్గర ఏడుపుకు కాస్త దగ్గర స్థాయిలో "ష్ష్" అంటూ మెల్లగా నడవాలి. ఒక పద్ధతి పది నిమిషాలు కొనసాగించాలి. రెండు నిమిషాలకోసారి ఊపు, గిలక్కాయ, బయటకు, లోపలికి, ఇంకొకరి చేతికి అని మారుస్తుంటే బిడ్డ అలసి ఇంకా పెట్రేగుతుంది; సాయంత్రం ఏడుపును పెంచేవాటిలో ఇదొకటి. చీర ఉయ్యాలలో వేస్తే గడ్డం ఛాతీకి అతుక్కుని ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉంది, కాబట్టి నిద్రపట్టాక తీసి సమతలం మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. కుర్చీలోనో సోఫాలోనో బిడ్డతో కునుకు తీయడం అన్నిటికంటే ప్రమాదకరం.

రాత్రి తొమ్మిదింటికి పాలిచ్చి తల్లి పడుకుంటే ఒంటిగంట దాకా ఇంకొకరు చూసుకునే ఏర్పాటు వారంలో మూడు రాత్రులు చేసినా తేడా తెలుస్తుంది. మధ్యలో ఒక ఫీడ్‌కు పిండి ఉంచిన పాలు ఉడకబెట్టిన ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు, సీసా అక్కర్లేదు. 25 డిగ్రీల లోపు గదిలో పిండిన పాలు నాలుగు గంటలు నిలుస్తాయి. మన వేసవి గదులకు ఆ లెక్క చెల్లదు, ఫ్రిజ్‌లో పెట్టాలి.

మీ సెలవు సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవును కాన్పుకు 15 రోజుల ముందు నుంచి బిడ్డకు ఆరు నెలలు వచ్చేదాకా ఎప్పుడైనా వాడుకోవచ్చు. చాలామంది ఆసుపత్రి రోజుల్లోనే ఖర్చు చేసేస్తారు, అప్పుడు ఇంటి నిండా మనుషులుంటారు కదా. ఆరో వారం నుంచి ఎనిమిదో వారం మధ్యకు దాచుకోవడం మేలు. మీది ప్రైవేటు ఉద్యోగమైతే కంపెనీ నిబంధనలో గడువు ఎంతో చూసి, మిగిలి ఉంటే ఇప్పుడే పెట్టండి. ఇంటి నుంచి పని చేసే వీలుంటే రెండు వారాలు అక్కడికే వెళ్లి సాయంత్రం షిఫ్టు మీరు తీసుకోండి.

డాక్టరుకు మళ్లీ చూపించేటప్పుడు ఏడు రోజుల పట్టీ తీసుకెళ్లండి. నోటుబుక్కులో రోజుకొక వరస, 24 గళ్లు. పాలకు పా, నిద్రకు ని, ఏడుపుకు ఏ, విరేచనానికి వి. మీ భార్య వాట్సాప్‌లో ఒక అక్షరం పంపితే మీరు నింపవచ్చు. "ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటుంది" అనే మాటతో డాక్టరు చేయగలిగింది తక్కువ, ఈ పట్టీతో ఎక్కువ: పాలు తాగిన ప్రతిసారీ ఏడుస్తోందా, సాయంత్రమే ఏడుస్తోందా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇదే ప్రశ్న విదేశాల్లో ఉన్నవాళ్లు కూడా అడుగుతుంటారు కాబట్టి రెండు మాటలు. అమెరికాలో 1-833-852-6262 ప్రభుత్వం నడిపే తల్లుల మానసిక ఆరోగ్య లైను, 24 గంటలూ ఉచితం, ఫోన్‌లో దుబాసీని అడగవచ్చు. బ్రిటన్‌లో ఏడుపు, నిద్ర సమస్యల కోసమే పెట్టిన స్వచ్ఛంద సంస్థ క్రై-సిస్ ఉంది, 0800 448 0737. హెల్త్ విజిటర్‌ను (ఇంటికి వచ్చి బిడ్డను చూసే నర్సు) షెడ్యూల్ కాని రోజు కూడా రమ్మని అడగవచ్చు. ఆస్ట్రేలియాలో కొత్త తల్లిదండ్రుల మానసిక ఆరోగ్యం కోసం పాండా లైను 1300 726 306. న్యూ సౌత్ వేల్స్‌లో ట్రెసిలియన్, కారిటేన్ కేంద్రాల్లో తల్లీబిడ్డలు కొన్ని రోజులు ఉండి నేర్చుకునే ఏర్పాటు ఉంది, డాక్టరు రాసి పంపాలి. ఇండియా నుంచి అమ్మనూ అత్తనూ రప్పించేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చేలా టికెట్లు తీయండి. ఒకరు వెళ్లేది ఆరో వారంలో పడకూడదు.

నాలుగో నెల నిండాక కూడా ఏడుపు ఇదే తీరులో ఉంటే దాన్ని కోలిక్ అని వదిలేయకూడదు. నెలలు నిండకుండా పుట్టి ఉన్నా, ఒళ్లు బిగుసుకుపోతున్నా లేక వేలాడిపోతున్నా, పాలు మింగడంలో ఇబ్బంది ఉన్నా నాలుగో నెల దాకా ఆగక్కర్లేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, డీఈఐసీ లేదా డైస్ అని పిలుస్తారు. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వినికిడి పరీక్ష చేసేవారు, సైకాలజిస్టు ఒకే చోట ఉంటారు, ఫీజు లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చేత రెఫరల్ రాయించుకుని, రక్షణ కార్డు, ఏడు రోజుల పట్టీ, ఏడుస్తున్నప్పటి ఒక నిమిషం వీడియో పట్టుకుని ఉదయం పూట వెళ్లండి.